నబ్బోసాకు ఇచ్చిన పొడి డబ్బా

మసాకా,
ఆదివారం.

కాటోకు,

కవలల్ని కన్నందుకు ఊరంతా నాలోంగో అని పిలిచే మీ అమ్మ దీవించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం మర్యాద కాబట్టి రాశాను, నమ్మకు. నీ క్షేమం మాత్రం అడగను. కంపాలాలో కండలు పెంచే జిమ్‌లో కూర్చుని పొడి డబ్బాలు అమ్ముకునేవాడికి ఏం లోటు?

పోయిన ఉత్తరంలో మూడు ప్రశ్నలు అడిగావు. ఒంటికి కాస్త కండ పట్టిందా అన్నావు. పట్టింది. షుగర్ వచ్చి చిక్కిపోయాక నా గొమెసి గౌను భుజాల మీంచి జారిపోతుంటే, మార్కెట్లో ఆడవాళ్ళు నా వెనక 'స్లిమ్' అని గుసగుసలాడేవాళ్ళు. ఈ ఊళ్ళో మనిషి చిక్కితే జనానికి ఎయిడ్స్ ఒక్కటే గుర్తొస్తుంది. నువ్వు పంపిన పొడి నాలుగు డబ్బాలు తాగేసరికి బుగ్గలు తేలాయి, ఆ నోళ్ళు మూతపడ్డాయి. సంతోషించు.

షుగర్ తగ్గిందా అన్నావు. తిండికి ముందు గ్లాసు ప్రొటీన్ తాగితే తిన్నాక షుగర్ ఎగరదని ఫోన్లో ఎవరో డాక్టరు చెప్పాడని రాశావు కదా, ఆ డబ్బా తీసుకెళ్ళి క్లినిక్‌లో నర్సు ముందు పెట్టాను. ఆవిడ నా వేలు గుచ్చి రక్తం చూసింది, షుగర్ బాగా పెరిగిందంది, డబ్బా వెనకున్న చీటీ చదివింది, తర్వాత నా మొహం చూసింది.

"ప్రొటీన్ సంగతి కొంత నిజమే నాలోంగో. తిండికి ముందు తీసుకుంటే కొందరికి కాస్త మేలే. కానీ ఇది బరువు పెంచే పొడి. సగానికి పైగా చక్కెర, పిండి. మీ అబ్బాయికి చదవడం రాదా?"

నిన్ను సెకండరీ దాకా చదివించానని చెప్పకుండా డబ్బా సంచిలో పెట్టేసుకున్నాను. ముందు బీన్సు, ముకెనె చేపలు తిని, తర్వాత మటోకే అరటి ముద్ద కొంచెమే తినమంది. ఆ ఎండు చేపలు మన ఇంట్లో కోళ్ళకు వేసేవాళ్ళం.

ఇక మూడో ప్రశ్న. ఊళ్ళో ఇంకెవరికైనా ఏమైనా కావాలా అని తగుదునమ్మా అంటూ అడిగావు. కావాలి. మీ నబ్బోసా పిన్నికి ఒక కాలు కావాలి. డబ్బాలో పెట్టి పంపగలవా?

నాకు షుగర్ వచ్చిన ఏడాదే తనకూ వచ్చింది. నా దగ్గర్నుంచి రెండు డబ్బాలు పట్టుకెళ్ళింది. రోజూ ఆ పొడి తాగి, మాత్రలు మానేసింది. అరటితోటలో పార తగిలి బొటనవేలు తెగితే, చిన్న గాయమేగా అనుకుంది. అది కుళ్ళింది. పోయిన నెల పెద్దాసుపత్రిలో మోకాలి పైదాకా తీసేశారు. చిన్నప్పుడు నువ్వు ఆవిడ వీపున ఎక్కి తోటకు వెళ్ళేవాడివి. గుర్తుందా?

ఇంతవరకు నిన్ను తిట్టాను. ఇక నా వంతు. మాత్రలు మానమని నువ్వు రాయలేదు. నీ ఉత్తరాలన్నీ తీసి వెతికాను, ఎక్కడా లేదు. ఆ మాట నాది. నీళ్ళ దగ్గర నలుగురి ముందు నబ్బోసా నా బుగ్గలు పట్టుకుని ఏం మందు వాడుతున్నావక్కా అని అడిగింది. మా కాటో పంపిన పొడి, మాత్రలన్నీ ఎప్పుడో పారేశాను అన్నాను. కాకిపిల్ల కాకికి ముద్దు. నీ గొప్ప చెప్పుకోవడానికి అబద్ధమాడాను. నేను ఒక్క పూట కూడా మాత్ర మానలేదురా. బట్టల పెట్టె అడుగున దాచుకుని రోజూ మింగాను. మింగుతున్న నాకే షుగర్ అంత పెరిగితే, మానేసినదాని గతి చెప్పాలా?

మంగళవారం వాళ్ళింటికి వెళ్ళాను. చాప మీద కూర్చుని ఉంది. నాకన్నా చిన్నదే అయినా నేనే మోకాళ్ళ మీద కూర్చుని పలకరించాను. తను జవాబివ్వలేదు. జవాబు రాకుండా ఎలా లేస్తాం? అలాగే ఉండి మాత్రల సంగతి మొత్తం చెప్పాను.

"ఇవాళ పొద్దున మాత్ర వేసుకున్నావా?" అంది.

వేసుకున్నానన్నాను.

"అయితే కాళ్ళున్నదానివి. లేచి పో."

నలభై ఏళ్ళుగా పిలిచిన అక్కా అన్న పిలుపు లేదు. పలకరింపుకు జవాబూ లేదు.

ఈ ఉత్తరంతో పాటు మీ అన్న వాస్వా మిగిలిన డబ్బాలు తెస్తున్నాడు. అవి ఎవరికీ అమ్మకు, పారబోయి. వచ్చే శనివారం నువ్వు ఇక్కడ ఉండాలి. మగవాళ్ళు మోకరించరని నాకు చెప్పకు. నా పక్కన నేల మీద కూర్చుని నువ్వూ పలకరించాలి. ఆవిడ జవాబిచ్చేదాకా ఇద్దరం లేవం. మోకాళ్ళు నొప్పి పుడతాయి, పుట్టనీ. నొప్పి పుట్టడానికి మనకు మోకాళ్ళున్నాయి.

ఇట్లు,
ఈ తప్పులో పెద్ద వాటా తనదే అయిన
మీ అమ్మ.