ఖాళీ టేపు పొదుపు

ఫిబ్రవరి 3

ఈ రోజు ఒక ఖాళీ టేపు కొన్నాను. చరిత్రకారులు గమనించగలరు. ఖాళీ అంటే నిజంగానే ఖాళీ. పాట లేదు, మాట లేదు. ధర మాత్రం నా జీతంలో మూడో వంతు. పాత రీళ్ళ మెషిన్ తుక్కు కొట్లో చవగ్గానే దొరికింది. ఏనుగు చవకే, అంకుశమే కొంప ముంచింది. చేసేవాళ్ళు తక్కువ, కొనేవాళ్ళు పిచ్చివాళ్ళు, ఇక ధరెందుకు తగ్గుతుందని షాపాయన తర్కం. డిగ్రీ చదివినవాణ్ణి, ఖండించలేకపోయాను.

ఫిబ్రవరి 4

నాన్న గొంతు ఫోన్లో రికార్డ్ చేస్తే చాలదా అంది అక్క. అది ఫైలవుతుంది, నాన్న అవ్వడు అని ఉపన్యాసమిచ్చాను.

పన్నెండో తారీఖున నాన్న గొంతుకి ఆపరేషన్. స్వరపేటిక మొత్తం తీసేస్తారు. ఇక మాట ఉండదని డాక్టరమ్మ చెప్పింది. టైలర్ కదా, చేతులకేం కాదని కూడా చెప్పింది.

ఫిబ్రవరి 6

నాన్నకి టేపు ధర చెప్పాను. తప్పే.

“ఆ డబ్బుకి పట్టుగుడ్డ వస్తుందిరా. అది మాట్లాడదనుకో.” కాసేపు ఆగాడు. “నువ్వూ దాని దగ్గర నేర్చుకో.”

ఫిబ్రవరి 8

నాన్న టైలర్ షాపులోనే రికార్డింగ్. నాన్న నోట్లో గుండుసూదులు పెట్టుకుని కథలు చెప్తాడు. అసలు మాట చెప్పబోయే ముందు ఆగి, ఒక్కో సూదీ తీసి డబ్బా మూతలో వేస్తాడు. కస్టమర్ చేతులు చాచి నిలబడి ఎదురు చూడాల్సిందే.

ఆ సేపంతా నేను పాజ్ నొక్కి ఉంచాను. దగ్గొచ్చినా పాజ్. టేపు తిరిగితే నా జీతం తిరిగినట్టే. ఉన్న కథలన్నీ సగం రీల్లో సర్దేశాను. నాన్న మిగిలిన టేపు చూసి సంతోషించాడు. ఇన్నాళ్ళకి కటింగ్ నేర్చావన్నాడు.

ఫిబ్రవరి 12

అయిపోయింది.

ఫిబ్రవరి 13

క్యాంటీన్లో టీ తాగాను. తాగాననే అనుకుంటున్నాను. గ్లాసు ఖాళీగా ఉంది.

ఫిబ్రవరి 19

నాన్న ఇంకా హాస్పిటల్లోనే. ఇంట్లో అక్కా నేనూ టేపు పెట్టుకున్నాం. మొదట ప్యాంటు కథ. మా వీధి లావుపాటాయన, ప్యాంటు బిగుతుగా కుట్టావని పోట్లాటకొస్తాడు. నాన్న ప్యాంటు కొలుస్తాడు, ఆయన్ని కొలుస్తాడు.

“ప్యాంటు కొలత తప్పలేదండీ మీరు తప్పారు.”

ఒకే ఊపిరిలో. కరెంటు బిల్లు చదివినట్టు. ఈ కథకి వీధి వీధంతా నవ్వేది. అక్క నవ్వలేదు. మళ్ళీ వేశాను. నవ్వాల్సిన చోటే లేదు. దాన్ని నేనే కత్తిరించేశాను.

ఫోన్ మాట అక్క ఎత్తలేదు. ఎత్తినా బాగుండేది.

సగం రీలు ఇంకా ఖాళీ. క్వాలిటీ బ్రహ్మాండం.

మార్చి 30

నాన్న షాపు తెరిచాడు. ఊపిరి కోసం మెడ దగ్గర పెట్టిన రంధ్రానికి అడ్డంగా చిన్న గుడ్డ కుట్టుకున్నాడు. చొక్కాకి మ్యాచింగ్. చూసి బాగుందన్నాను.

ఏప్రిల్ 2

షాపులో మిగిలిన సగం టేపు ఆపకుండా తిరగనిచ్చాను. అందులో కత్తెర పడింది, కుట్టుమెషిన్ పడింది, దారం కొరికిన చప్పుడు పడింది. చివర్లో లావుపాటాయన వచ్చాడు. నాన్న ప్యాంటు కొలిచాడు, ఆయన్ని కొలిచాడు. సూదులు ఒక్కొక్కటే మూతలో పడుతున్నాయి. టింగ్. టింగ్. ఆయన అప్పుడే నవ్వడం మొదలుపెట్టాడు. నేను పాజ్ నొక్కలేదు.

టేపు అయిపోయింది. నాన్న నోట్లో ఇంకో సూది ఉంది.