మాస్కు పెట్టుకుని అడిగిన మాట

ఆదివారం, పర్వత్ పాటియా

ఇది రాయకుండానే పడుకుందామనుకున్నాను. నా పరువు పోయిన సంగతి నేనే రాసుకోవడం ఎందుకని.

మనవరాలు శ్రావణి బీఎస్సీ రెండో ఏడు. కాలేజీ పిల్లలకు పరిశోధన నేర్పడానికి ఒక డాక్టరమ్మ ఈ సెలవుల్లో ఆమెను చేర్చుకుంది. మరమగ్గాల మోతకు కార్మికుల చెవులు ఎంత దెబ్బతిన్నాయో చూడాలట. ఈ పొద్దున మా గల్లీలోనే పరీక్ష. డాక్టరమ్మ ఎదురుగా కూర్చుని గుసగుసగా మాటలు చెబితే, మేమంతా ఒక్కటీ తప్పకుండా తిరిగి చెప్పాం. మగ్గాల దగ్గర మాట వినబడదు, ఎదుటివాడి పెదవులు చూసి గ్రహిస్తాం. నేను బడికి పోలేదు, ఈ నాలుగు అక్షరాలూ మనవరాలి దగ్గరే నేర్చుకున్నాను గానీ, ఈ చదువులో నన్ను మించినవాడు లేడు.

అందరి చెవులూ బాగున్నాయని డాక్టరమ్మ కాగితాలు సర్దుతుంటే శ్రావణి ఆపింది. మూతికి మాస్కు పెట్టుకుని నన్నేదో అడిగింది. నేను నవ్వాను.

“నవ్వుడు కాదు తాతా, నేనేమన్ననో చెప్పు.”

చెప్పలేకపోయాను. ఇంకా మగ్గం నడుపుతున్న మల్లేశం బెదిరాడు.

“చెవిటోళ్లమని రాస్తే సేఠ్ పనిల ఉంచుకుంటడా బిడ్డా?”

“పేర్లు రాయం కాకా, నంబర్లే.”

డాక్టరమ్మ శ్రావణి వీపు తట్టి, మాస్కుతో పరీక్ష మళ్లీ మొదలుపెట్టింది. పిల్ల మాట విన్న ఆ తల్లికి దండం. ఆ నంబర్లు సేఠ్ కంట పడకపోతే చాలు...

ఇందాక శ్రావణి వెనక నుంచి చాలాసేపు పిలిచిందట. తర్వాత ఎదురుగా వచ్చి, తిన్నావా అని అడిగింది. తిన్నానన్నాను.