దిబ్బడేసిన చెవులు

1986 మార్చి 2, ఆదివారం

ఆరాధన అయ్యాక చర్చి పాటల బృందానికి నేను ప్రాక్టీసు పెట్టాను. శాంతమ్మ వదిన మళ్లీ శృతి తప్పింది. మూడోసారి. అందరి ముందే అనేశాను — "చెవుల్ల దూది పెట్టుకున్నవా వదినా? నువ్వు పాడకున్నా మంచిదే. పోయి ఎనక కూసో."

"అవ్ రూతూ, చెవులు దిబ్బడేసినయ్. కల్లంల మిరప తొడిమలు తీసినకాడి నుంచి గిట్లనే ఉంది..."

సాకులు. లేచి వెనక చాప మీదికి పోయింది. మా అన్నను చేసుకుని వచ్చిన ఏటి నుంచీ గుడ్ ఫ్రైడే పాట ఎత్తుకునేది ఆమే. అయితే ఏంది? శృతి శృతే.

మార్చి 9

వదిన వెనక వరసలోనే. పెదవి కూడా కదపలేదు. పంతం! ఉండనీ.

మార్చి 14

మా కాయలూ కల్లానికి వచ్చాయి. రెండు రోజులుగా తొడిమలు తీయడమే పని. తుమ్ములే తుమ్ములు. నుదుటి మీద, కళ్ల కింద రాయి పెట్టినట్టు బరువు. వంగితే ఇంకా ఎక్కువ.

మార్చి 16, ఆదివారం

చెవులు మూసుకుపోయాయి. నా గొంతు నా తలలోనే గుయ్యిమంటోంది. హార్మోనియం పక్క ఊళ్లో మోగుతున్నట్టుంది. అయినా పాట ఎత్తాను. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దావీదు హార్మోనియం వాయించడం ఆపి, నా పక్కకు వంగి, "అక్కా, శృతి కిందికి పోతుంది."

వదిన నన్నే చూస్తోంది. నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

ఆమె చెప్పింది ఇదా...

మార్చి 17

ముక్కు మూసుకుని గట్టిగా ఊదాను. చెవిలో సూది దిగినట్టయింది. నువ్వుల నూనె వెచ్చచేసి పోస్తానన్నాడు ఈయన. వద్దన్నాను. రేపు భద్రాచలం డాక్టరు దగ్గరికి.

మార్చి 18

డాక్టరు చెవిలో లైటు వేసి చూశాడు. "ముక్కు ఎనక నుంచి చెవికి సన్న దారి ఉంటదమ్మా. జలుబుకు వాచి మూసుకుంటే గాలి ఆడదు, చెవి బిగుస్తది. గట్టిగ చీదొద్దు, నూనె పొయ్యొద్దు. ఆవిరి పట్టు, గుటకలు మింగు. వారంల తగ్గకున్నా, చీము కారినా జల్దీ రా."

బస్సులో దారంతా గుటకలు, ఆవలింతలు. పక్కనామె పాపం, "నిద్రొస్తుందా అమ్మా? నా భుజం మీద పండుకో" అంది.

వదినను డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకుపోయారు? ఎవరూ తీసుకుపోలేదు. నేనైతే అడగనైనా లేదు.

మార్చి 20

వదిన వచ్చింది. పిలవకుండానే. కొంగులో వెచ్చటి వాము మూట. నీళ్లు తనే కాచి, పసుపు వేసి, నా మీద దుప్పటి కప్పింది. దుప్పటి కింద నుంచే అన్నాను — "తప్పు నాదే వదినా."

"ముందు ఆవిరి పట్టు. నీళ్లు సల్లారుతయ్."

"గుడ్ ఫ్రైడే పాట నువ్వే ఎత్తుకోవాలె."

దుప్పటి అంచులు నా చుట్టూ దోపింది. తరవాత, "చెవులు బాగైనయ్ రూతూ. నోరే వస్తలేదు."

ఏడ్చాను. దుప్పటి కింద ఎవరికి తెలుస్తుంది.

మార్చి 23, మట్టల ఆదివారం

పొద్దున్నే కుడి చెవి టప్పున తెరుచుకుంది. కోడి కూత ఇంత పెద్దదా! ఎడమది ఇంకా బిగుసుకునే ఉంది.

తప్పు నాదని సంఘం ముందు నిలబడి చెప్పాలనుకున్నాను. అన్నది అందరి ముందే కదా. నిలబడ్డాను కూడా. ప్రకటనలు మాత్రం చదివి కూర్చున్నాను. ఛీ.

మార్చి 28, గుడ్ ఫ్రైడే

వదిన ఎత్తుకుంటుందని పాట దగ్గర ఆగాను. దావీదు మొదటి వరస రెండుసార్లు వాయించాడు. వదిన తల దించుకుంది. చివరికి నేనే ఎత్తుకున్నాను. ఇప్పుడు రెండు చెవులూ బాగున్నాయి. ఒక్కొక్కరి గొంతూ విడివిడిగా వినిపించింది. ఆమెది లేదు.

మార్చి 30, ఈస్టర్

తెల్లవారుజామున ప్రార్థనకు అందరం సమాధుల దగ్గరికి నడుస్తున్నాం. నా వెనక సన్నగా... శుక్రవారం పాటే. వదిన. ఎక్కడా శృతి తప్పలేదు.

వెనక్కి తిరిగాను. ఆపేసింది.

ఎందుకు తిరిగానో.