మన వెనక నిలబడే స్పీకరు

తమ్ముడూ,

మధ్యాహ్నం షాపతను వస్తాడు. వాయించి చూడమని ఇచ్చిన రెండు స్పీకర్లలో లావుపాటిది తిరిగిచ్చెయ్. సన్నగా, నిలువుగా ఉన్నది మనం ఉంచుకుందాం. నల్ల వైరు మనది, పొరపాటున దానితో పంపెయ్యకు.

"పెద్దదైతే దర్జాగా ఉంటుందక్కా" అంటావని తెలుసు. దర్జా నీకు, మెట్లెక్కించి నడుం పట్టేది నాకు. పైగా మనం పాడేది చిన్న చిన్న గదుల్లో. అది వెనక పెడితే మైకు కీచుమంటుంది, ముందు పెడితే మనకేమీ వినపడదు. వినపడక నువ్వు సౌండు పెంచుతావు, ముందు వరసవాళ్లు చెవులు మూసుకుంటారు. సన్నదాన్ని వెనకే పెట్టి చూశాను, కిక్కురుమనలేదు. జనం వినేదే మనకీ వినపడుతుంది.

ఇన్నేళ్లుగా నువ్వు పాడుతుంటే పక్కన వయొలిన్ వాయిస్తున్నా, ఒక్కసారైనా బాగుందనలేదని మనసులో పెట్టుకున్నాను. మన పాత స్పీకరూ అలాంటి లావుదేగా. నిన్న నా రికార్డింగు ఆ లావుదాంట్లో పెట్టి, దాని వెనక నువ్వు నిలబడే చోట నిలబడ్డాను. నా వయొలిన్ పక్కింటివాళ్ల గొణుగుడులా ఉంది. పాపం, నువ్వు మాత్రం ఏం మెచ్చుకుంటావు!

అన్నం మూతపెట్టి ఉంచాను, తిను.

అన్నట్టు, శనివారం కచేరీ నుంచి నీకు అంతా వినపడుతుంది. ఇంక నోరు విప్పకపోతే అప్పుడు చెప్తా నీ పని.

అక్క