ఎలీసబెతు గుమ్మం దగ్గర

నవంబర్ 30, ఆదివారం

క్రిస్మస్‌కు ముందు నాలుగు వారాల ఆగమన కాలం మొదలైంది. ఈసారి ఊరికే నక్షత్రం కట్టి, అప్పాలు చేసి సరిపెట్టుకునేది లేదు. ఈ రోజు మా వనపర్తి మందిరంలో సామ్యూల్ అయ్యగారు కొత్త రకం ప్రార్థన నేర్పారు. లూకా సువార్తలో నాలుగు వచనాలు చదవాలి. కళ్లు మూసుకోవాలి. ఆ కథలోకి మనమే నడిచి వెళ్లాలి. అక్కడి మట్టి వాసన చూడాలి, మనుషుల మాటలు వినాలి, చేతనైతే ఏదో ఒక పని అందుకోవాలి. రోజుకు ఇరవై నిమిషాలు.

తీర్మానం: పొద్దున 5:30కు. క్రిస్మస్ దాకా. ఒక్క రోజు తప్పను!

సిద్ధం చేసుకున్నవి: చాప, కొవ్వొత్తి, అలారం, ఈ డైరీ (అంగన్‌వాడీలో మిగిలిన రిజిస్టర్).

కళ్లు మూసుకుంటే నిద్ర రాదా అని మా ఆయన దేవదాసు అడిగాడు. ఇలాంటివాళ్లకు జవాబివ్వకూడదు.

డిసెంబర్ 1, సోమవారం

5:30. లేచాను! మరియ దగ్గరికి గబ్రియేలు దూత వచ్చే ఘట్టం. మట్టి ఇల్లు కనబడింది, పొయ్యి పొగ కూడా. మరియ చిన్నపిల్ల, మరీ సన్నగా ఉంది. రక్తం తక్కువేమో అనిపించింది. పద్దెనిమిదేళ్లుగా అంగన్‌వాడీ టీచర్ని, ఏం చేయను! దూత ఇంకా శుభవార్త చెప్పనే లేదు, నేను గర్భిణుల రిజిస్టర్‌లో పేరు రాసేశాను. రోజూ గుడ్డు, పాలు, ఐరన్ మాత్ర. ఆధార్ నంబరు అడిగేసరికి దూత వెళ్లిపోయాడు.

పద్దెనిమిది నిమిషాలు. మొదటి రోజుకు గొప్పే.

డిసెంబర్ 2, మంగళవారం

మరియ కొండసీమకు ప్రయాణమైంది, చుట్టం ఎలీసబెతును చూడటానికి. మూట నేనే మోశాను. కొండలన్నీ కొల్లాపూర్ దారిలా ఉన్నాయి, అటూ ఇటూ మామిడితోటలు. ఇల్లు వచ్చింది. తలుపు తట్టాను. తీసింది ఎలీసబెతు కాదు, కొల్లాపూర్‌లో ఉండే మా అక్క భీమమ్మ.

కళ్లు తెరిచేశాను. ఆరు నిమిషాలు.

అక్క నాతో మాట్లాడి రెండేళ్లయింది. ఎందుకో రాసి పెట్టడమే మంచిది, తప్పు నాది కాదు కాబట్టి. ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు ఉంటే చెప్పమంటారు. రెండేళ్ల కిందట ఒక ఆదివారం నేను లేచి, మా అక్క కొడుకు నవీన్ తాగుడు మానాలని సంఘమంతా ప్రార్థించమని అడిగాను. అబద్ధం కాదు, ఆ ఏటి వేసవిలో వాడు తాగి తూలడం నా కళ్లతో చూశాను. నవీన్‌కు కుదిరిన పిల్ల అమ్మానాన్నలు మూడో వరుసలో ఉన్నారట. నేను చూడలేదు. వాళ్లూ అందరితోపాటు ప్రార్థించారు. సోమవారం పొద్దున సంబంధం వద్దన్నారు.

ప్రార్థన చేయమనడం కూడా తప్పేనా?

డిసెంబర్ 4, గురువారం

ఘట్టం మార్చాను. దూత మాట నమ్మనందుకు ఎలీసబెతు భర్త జెకర్యా మూగవాడవుతాడు. జెకర్యాగా మా ఆయనను పెట్టుకున్నాను. నెలల తరబడి ఇంట్లో చప్పుడు లేదు! ఇరవై ఐదు నిమిషాలు ఇట్టే గడిచాయి.

డిసెంబర్ 7, ఆదివారం

ఎలాగూ మందిరానికి పోయాం. అదే లెక్క.

డిసెంబర్ 9, మంగళవారం

మత్తయి సువార్తలోని యోసేపు కల. యోసేపు పడుకుని ఉన్నాడు కాబట్టి నేనూ పడుకుని చేశాను. కళ్లు తెరిస్తే 7:10. చలి కూడా ఎక్కువగా ఉంది. ఘట్టంలో ఉన్నట్టే అనుకోవాలి.

డిసెంబర్ 12, శుక్రవారం

బేత్లెహేము. జనాభా లెక్కలకు పేర్లు రాసే చోట అందరినీ వరుసలో నిలబెట్టాను. తర్వాత సత్రం. తలుపు తీసింది మళ్లీ అక్కే! మరియకు పశువుల కొట్టం చూపించింది. నా వైపు చూసి తలుపేసుకుంది. పొలంలోకి పోతే గొల్లవాళ్ల మధ్య చలి కాచుకుంటున్నదీ అక్కే. దూతల గుంపు వైపు నేను చూడనే లేదు, అక్కడా ఉంటుందని భయం.

తొమ్మిది నిమిషాలు.

డిసెంబర్ 14, ఆదివారం

స్త్రీల సమాజంలో సాక్ష్యం చెప్పమన్నారు. కొత్త ప్రార్థన ఎలా ఉందో చెప్పాను. దేవుడు నాకు రోజూ మా అక్కను చూపిస్తున్నాడనీ, ఆమెను క్షమించే మనసు నాకు ఇస్తున్నాడనీ చెప్పాను. అందరూ ఆమెన్ అన్నారు. ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు. మాట బాగా కుదిరింది.

డిసెంబర్ 15, సోమవారం

పొద్దున ఎనిమిదింటికి ఫోన్. అక్క! రెండేళ్లలో మొదటిసారి.

"మల్ల నన్ను మందిరంల నిలవెట్టినవా?" అంది. పెట్టేసింది.

వనపర్తి నుంచి కొల్లాపూర్‌కు సాక్ష్యం ఇంత త్వరగా పోతుందని తెలియదు.

డిసెంబర్ 16

జలుబు.

డిసెంబర్ 17

జలుబు. అంగన్‌వాడీ యాప్ కూడా పని చేయడం లేదు. (దానికీ ప్రార్థనకూ సంబంధం లేదు, అయినా మనసు బాగాలేదు.)

డిసెంబర్ 20, శనివారం

కొవ్వొత్తిని కరెంటు పోయినప్పుడు వాడేశాం. చాప మీద మినప్పప్పు ఆరబోశాను.

ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. రెండేళ్ల కిందట ఆ ఆదివారం మూడో వరుసలో వాళ్లను చూశాను. పిల్ల తల్లి ఆకుపచ్చ చీర కట్టుకుంది. ఆ రోజు అందరి మనవులూ జ్వరాలూ మోకాళ్ల నొప్పులే. నా మనవికి మందిరమంతా తల తిప్పి చూసింది. అది నాకు నచ్చింది.

ఇది రాశాక మా ఆయనకూ చెప్పాను.

"కండ్లు మూసుకొని దినాం పోతనే ఉన్నవ్ గదా కొల్లాపూర్‌కు. ఒక్కసారి తెరుసుకొని పో" అన్నాడు.

డిసెంబర్ 22, సోమవారం

కొల్లాపూర్ బస్సెక్కాను. దారంతా అక్కతో చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాను. అందులో రెండు బైబిలు వచనాలు కూడా ఉన్నాయి. తలుపు తట్టాను.

తీసింది నవీన్.

అమ్మ మందిరం ఊడవడానికి పోయిందని చెప్పి, కుర్చీ వేసి, నీళ్లు ఇచ్చాడు. నీటి మోటార్లు బాగుచేస్తున్నాడట, చేతులకు గ్రీజు ఉంది. ఇన్ని రోజులూ నజరేతు, బేత్లెహేము, కొండలు, పొలాలు అన్నీ తిరిగాను. ఎక్కడా నవీన్ కనబడలేదు. పెళ్లి చెడింది వాడిది. నేను మాత్రం అక్క కోపమొక్కటే చూసుకున్నాను.

వాడే మొదలుపెట్టాడు. "ఆ దినం నేను మందిరంలనే ఉన్న, సిన్నమ్మ. ఆలస్యంగ వచ్చి ఆఖరు వరుసల కూసున్న."

పిల్ల తరఫువాళ్ల సంఘంలో ఆరాధన చేద్దామని ఎవరికీ చెప్పకుండా వచ్చాడట. కొత్త చొక్కా వేసుకున్నాడట. అప్పటికి తాగుడు మానేసి నాలుగు నెలలు. ఇంకొన్నాళ్లు నిలబడ్డాక వాళ్లమ్మకు చెబుదామనుకున్నాడట.

"అందరు నా కోసం ప్రార్థన చేస్తుండ్రు. నేను గూడ కండ్లు మూసుకున్న. ఏం జెయ్యాలె మరి" అన్నాడు.

కూర్చుకున్న మాటల్లో వాడికి పనికొచ్చేది ఒక్కటీ లేదు. తప్పు నాదే అన్నాను, పిల్ల అమ్మానాన్నలను చూసే లేచానని కూడా చెప్పాను. వాడు తల దించుకుని గ్రీజు తుడుచుకుంటూ ఉన్నాడు. సరే అనలేదు, పరవాలేదనీ అనలేదు. నాకు ఏడుపొచ్చింది.

అక్క వచ్చింది. చీపురు మూలన పెట్టింది. నా మొహం చూడకుండా, "అన్నం తిని పో" అంది. తిన్నాను. ముగ్గురం తిన్నాం.

డిసెంబర్ 25, గురువారం

క్రిస్మస్ ఆరాధన. అయ్యగారు మనవులు అడిగారు. అలవాటుగా లేవబోయాను. మా ఆయన నా కొంగు మీద కూర్చుని ఉన్నాడు, కావాలనో ఏమో. మళ్లీ కూర్చున్నాను.

డిసెంబర్ 26, శుక్రవారం

ఆగమన కాలం అయిపోయింది. పూర్తిగా ఇరవై నిమిషాలు చేసింది ఒకే ఒక్క రోజు, అదీ మా ఆయన నోరు మూయించిన రోజు.

మళ్లీ మొదలు. పొద్దున 5:30. మినప్పప్పు ఎత్తి చాప దులిపాను. లూకా తెరవలేదు. కళ్లు మూసుకుని, రెండేళ్ల కిందటి ఆ ఆదివారం మా మందిరంలోకే పోయాను. ఆఖరి వరుసలో నవీన్ పక్కన కూర్చున్నాను. వాడి చొక్కాకు ఇంకా దుకాణం మడతలున్నాయి. ముందు వరుసలో ఒకామె ప్రార్థన మనవి చెప్పడానికి లేచింది. వాడు తలెత్తి చూశాడు, చిన్నమ్మ కదా అని సంతోషంగా.

మూడు నిమిషాలు. అంతకు మించి కూర్చోలేకపోయాను. రేపు మళ్లీ 5:30కు.