అక్క ఒప్పుకోని ఈల

చిన్నదానికి అక్క దీవెనలు.

నీ పడవ ఎక్కడుందో మా మనవరాలు రోజూ కంప్యూటరులో చూపిస్తోంది. మహాసముద్రం నడిమధ్య ఒక ఎర్ర చుక్క. తొమ్మిది రోజులుగా అక్కడే ఉంది. మొదట కంప్యూటరు పాడైందనుకుని దాన్ని ఒకటి చరిచాను. తరవాత మీ ఆయన మీద అనుమానం వచ్చింది.

అరవై ఎనిమిదేళ్ల వయసులో తెరచాపల పడవెక్కి సముద్రం దాటతానంటే నేను వద్దనలేదు. "మతి పోయిందా?" అన్నాను, అది ప్రశ్న మాత్రమే. ముప్ఫయ్యేళ్లు బడిలో భూగోళం చెప్పినదాన్ని కనక ఒక్క సలహా: గాలి లేకపోతే ఇంజను వేసుకోండి. ఇంజను ఉందని నాకు తెలుసు, ఫొటోలో చూశాను.

మంచినీళ్లు ఎన్నాళ్లకున్నాయో రాయి. వివరంగా రాయి. పనేముంది గనక నీకిప్పుడు!

నీ అక్క

తా.క. "దారి తప్పలేదు, ఆగామంతే" అని మరిదిగారు ఇప్పటికి ఎన్నిసార్లు అన్నారు?

*

అక్కకు నమస్కారాలు.

పదకొండుసార్లు.

ఇంజను ఉంది, డీజిలే రెండు రోజులకు మించి లేదు. దాన్ని రేవులోకి దూరడానికి దాచుకున్నాం. రేవు ఇంకా తొమ్మిది వందల మైళ్లు. తెరచాపలు ఊరికే టపటపా కొట్టుకుని చిరిగిపోతాయని దించేశాం. పొద్దున పారేసిన ఉల్లిపొట్టు సాయంత్రానికీ పడవ పక్కనే తేలుతోంది. నిన్న మాత్రం ఏడు మైళ్లు కదిలాం. వెనక్కి.

నీళ్లున్నాయి, బియ్యం ఉన్నాయి, విసుగు పుష్కలంగా ఉంది. మాతో మూడో మనిషి నీ మరిది స్నేహితుడు, రిటైరైన పళ్ల డాక్టరు.

పడవలో ఈల వెయ్యకూడదట, తెలుసా? ఈల గాలిని పిలుస్తుందనీ, పిలిస్తే అది తుపానై వస్తుందనీ నావికుల భయం. నీ మరిది మొదటిరోజే నిషేధం పెట్టారు. ఇప్పుడు తనే ఎత్తేసి, నోట్లో రెండు వేళ్లు పెట్టుకుని ఊదుతున్నారు. ఉమ్మి తప్ప ఏమీ రావడం లేదు. డాక్టరుగారివేమో కట్టుడు పళ్లు. ఆయన ఊదితే పై వరస ఎగిరి నీళ్లలో పడింది. "ఇక నువ్వే దిక్కు" అన్నారిద్దరూ. "మా అక్క ఒప్పుకోదు" అన్నాను.

నీ చెల్లెలు

తా.క. పై వరస మునిగేలోగా పులుసు గరిటెతో అందుకున్నాం. గరిటె పడవలో ఒక్కటే ఉంది.

*

సముద్రం మీది చెల్లెలికి, ఒడ్డున ఉన్న అక్క రాస్తున్నది.

"మా అక్క ఒప్పుకోదు" అన్నావా! యాభై ఐదేళ్లు కడుపులో దాచుకుని, నేను జవాబు చెప్పడానికి అందనంత దూరం వెళ్లి మరీ అన్నావు.

అవును, కొట్టాను. మెట్ల మీద. నీకు పదమూడు, నాకు పంతొమ్మిది. "ఆడపిల్లవి, ఈలేమిటే" అన్నాను. ఆ తరవాత నీ నోట ఈల వినలేదు. ఒక్క చెంపదెబ్బకి మానేసే మనిషివా నువ్వు? పెళ్లి విషయంలో నా మాట విన్నావా? ఈ పడవ విషయంలో విన్నావా? ఆ ఒక్కటే ఎందుకు విన్నావు?

అయితే మీరు ముగ్గురూ అక్కడ ఇరుక్కుపోవడానికి నేను కారణమన్నమాట. గాలులు పుట్టకపోవడానికి పాఠ్యపుస్తకంలో చాలా కారణాలున్నాయి. వాటిలో నా పేరు లేదు.

అక్క

తా.క. గట్టిగా తగిలిందా?

*

అక్కకు,

సరదాకి అన్నానే తల్లీ!

ఉపగ్రహం ద్వారా ఉత్తరాలు వచ్చే యంత్రం చుక్కాని పక్కనే ఉంది కనక నీ ఉత్తరం నీ మరిది పైకి చదివేశారు. "పెళ్లి విషయంలో నా మాట విన్నావా" దగ్గర కాస్త నీళ్లు తాగారు. ఇప్పుడు నేరస్థురాలు దొరికారని ఇద్దరికీ మహా సంతోషం. డాక్టరుగారు గంటకోసారి ఆకాశం వంక చూసి, "అక్కగారి కోపం ఇంకా తగ్గలేదు" అంటున్నారు. నువ్వు నిషేధం ఎత్తేస్తున్నట్టు రాతపూర్వకంగా అనుమతి పంపాలట.

చెల్లెలు

తా.క. గట్టిగా తగల్లేదు. నీ వాచీ గీసుకుంది, అంతే.

*

చిన్నదానికి,

ఇందుమూలముగా అనుమతించడమైనది. డాక్టరుగారికి చూపించు.

ఇక నిజం రాస్తాను, ఇది పైకి చదవద్దని చెప్పు. ఆడపిల్లవి అన్నది సాకు. నాలుగేళ్లు సంగీతం మాస్టారి ముందు కూర్చున్నాను. ఆయన ఓపిక అరిగిపోయింది గానీ నా గొంతు తెరుచుకోలేదు. ఆ రోజు గదిలో ఒకే పాట నలభైసార్లు పాడి నలభైసార్లూ తప్పాను. నువ్వు తడిబట్టల బకెట్టు పట్టుకుని మెట్లు దిగుతూ, అదే పాటని ఎక్కడా జారకుండా ఈలలో వేసుకుంటూ పోయావు. నీకదొక లెక్క కూడా కాదు. అందుకు కొట్టాను.

నీ పెదాలు ఈపాటికి మరిచిపోయి ఉంటాయి. నీకు రాసి పంపుదామని నాలుగు రోజులుగా నేను నేర్చుకుంటున్నాను. కింది పెదవి తడి చేసుకో. నాలుక కొనను కింది పళ్ల వెనక ఆనించు. "ఊ" అన్నట్టు మూతి పెట్టి మెల్లగా ఊదు. నేను ఊదుతుంటే కింది వాటా ఆవిడ గ్యాసు లీకవుతోందని మనిషిని పిలిపించింది.

గాలి రాకపోతే పోనీ, నువ్వొక్కసారి వెయ్యి. నేను లాక్కున్నది నీకు మళ్లీ దొరికిందని తెలిస్తే చాలు.

అక్క

తా.క. లీకవుతున్నది నా నోరేనని గ్యాసు మనిషి తేల్చాడు. మా ఇంట్లోవాళ్లకి ఇది కొత్త సంగతి కాదట.

*

అక్కకు,

తెల్లవారుతూనే గాలి వచ్చింది. తెరచాపలు ఎత్తేశాం, పడవ ఒక పక్కకి ఒరిగి పరిగెడుతోంది. ఇక ఉత్తరాలకు కుదరదు. అరగంటలో చుక్కాని దగ్గర నా వంతు, ఈలోగా రాసెయ్యాలి.

అక్కా, నేను ఈల మానలేదు. నీ ఎదుట మానేశాను, అంతే. వంటింట్లో వేశాను, కారులో వేశాను, పిల్లల్ని ఈలతోనే నిద్రపుచ్చాను. నీ మరిది నన్ను చేసుకున్నదే అది విని. పడవలో నిషేధం పెట్టిందీ నేను వేస్తాననే. నువ్వు గుమ్మంలో అడుగు పెడితే పిల్లలు "పెద్దమ్మ" అని సైగ చేసేవాళ్లు, నేను ఆపేసేదాన్ని, వాళ్లు మూతులకి చేతులడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. "మా అక్క ఒప్పుకోదు" అన్నది మా ఇంట్లో పాత జోకు. దానిమీద ఇన్నేళ్లు నవ్వుకున్నాం.

మరి పడవలో ఇన్నాళ్లూ ఎందుకు వెయ్యలేదంటావా? నేను వేసినా గాలి రాకపోతే వీళ్లిద్దరూ ఇక ఎవరి వంక చూస్తారని మొదట ఆగాను. తరవాత గాలి వస్తే నీ ఉత్తరాలు ఆగిపోతాయని ఆగాను. నిన్న నీ అనుమతి చూసి వెయ్యబోతే పెదాలు వణికాయి, ఉత్త ఊపిరే వచ్చింది. గాలి దానంతటదే వచ్చింది.

నీ చెల్లెలు

తా.క. చుక్కాని నా చేతికిస్తూ నీ మరిది ఇప్పుడే అన్నారు: "వదినగారు వచ్చినప్పుడల్లా ఇల్లంతా ఒక్కసారిగా గప్‌చుప్ అయిపోయేది కదా. ఆవిడ ఏమనుకునేవారో?" నేనెప్పుడూ అడగలేదు. ఏమనుకునేదానివి, అక్కా?