బస్సు డ్రైవరు సంబంధం

పిన్నికి,

ముందు కూర్చుని చదువు. నాకు ఈ దేశంలో శాశ్వత నివాస హక్కు వచ్చేసింది! మా కుట్టుషాపు యజమానురాలు పట్టుబట్టి ఉద్యోగం మీదే ఇప్పించింది. ఇక ఏటేటా పర్మిట్ పొడిగింపు గండం లేదు. కబురు విన్నాక సూదిలో దారం ఎక్కిస్తే ఒట్టు.

"అక్కడి పౌరుణ్ణి చేసుకుంటే దగ్గరిదారి కదే" అంటూ నువ్వు ఆ బస్సు డ్రైవరు సంబంధం తెచ్చినప్పుడు నీమీద కస్సుమన్నాను. కాగితాల కోసమే పెళ్లాడిందని ఆయన జన్మంతా అనుమానపడతాడని నా భయం.

నేను కాదన్నా ఆయన మాత్రం ఏమీ అనుకోలేదు. ఒకే ప్యాంటు పొడవు తగ్గించమని మళ్లీ మళ్లీ షాపుకొస్తున్నాడు. ఇంకోసారి కత్తిరిస్తే అది నిక్కరే!

ఇప్పుడు నాకు ఆయనతో ఏ అవసరమూ లేదు పిన్నీ. అందుకే అడుగుతున్నాను. ఆ సంబంధం ఇంకా ఉందేమో కాస్త కనుక్కుంటావా?

నీ మొండిఘటం